మూతపడిన స్కాచ్ డిస్టిలరీ సీసా కొనవచ్చా? పోర్ట్ ఎలెన్, బ్రోరా, రోజ్‌బ్యాంక్‌ల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎడిన్‌బరోలో ఉండే మీ బావగారు ఒక పోర్ట్ ఎలెన్ సీసా చూశారు. "1983లో మూతపడిన డిస్టిలరీ, అలాంటి సరుకు ఇక రాదు, కొని దాచుకుంటే ధర పెరగడమే తప్ప తగ్గడం ఉండదు" అని అమ్మేవారు చెప్పారు. అదే డిస్టిలరీని మళ్లీ తెరిచారని మీరు ఎక్కడో చదివారు. ఆ విస్కీ నిజంగా అంత గొప్పదా, దొరకదు కాబట్టి గొప్పదంటున్నారా, అంత డబ్బు పెట్టి హైదరాబాద్‌కు తెప్పించుకోవచ్చా అని అడిగారు.

స్కాట్లాండ్‌లో వేలానికి వచ్చే పాత విస్కీ సీసాలను పరిశీలించి, వివరాలు రాసి, అంచనా ధర కట్టడం చాలా ఏళ్లుగా నా ఉద్యోగం. కాబట్టి ముందే సూటిగా చెబుతాను. తాగడానికైతే, అది ఏ సంవత్సరం కాచిన సరుకో, ఎవరు సీసాకెత్తారో తెలుసుకుని కొనండి. హైదరాబాద్‌లో దాచి తర్వాత అమ్ముకోవడానికైతే కొనకండి. డిస్టిలరీ మూతపడిందన్న సంగతి ఆ సీసా అరుదైనదని మాత్రమే చెబుతుంది. లోపలి విస్కీ బాగుంటుందని చెప్పదు.

కారణం తెలియాలంటే ఈ డిస్టిలరీలను ఎందుకు మూశారో చూడాలి. విస్కీ గొప్పది కాబట్టి మూయలేదు, చెడ్డది కాబట్టీ మూయలేదు. 1980ల్లో స్కాట్లాండ్‌లో తయారైన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో కాచే విస్కీ)లో అత్యధిక భాగం బ్లెండ్‌లలోకి, అంటే పలు డిస్టిలరీల విస్కీలు కలిపి అమ్మే సీసాలలోకి వెళ్లేది. ఒకే డిస్టిలరీ పేరుతో సీసాలో అమ్మే సింగిల్ మాల్ట్ అప్పటికి చాలా చిన్న వ్యాపారం. 1960లు, 70ల్లో గిరాకీ ఇలాగే పెరుగుతూ పోతుందని నమ్మి కంపెనీలు విపరీతంగా కాచి పీపాలు నింపాయి. ఆ తర్వాత చమురు సంక్షోభం, మాంద్యం, జనం వోడ్కా వంటి తేలిక పానీయాలవైపు మళ్లడం, అన్నీ కలిసి వచ్చాయి. గోదాముల్లో అమ్ముడుపోని విస్కీ మిగిలిపోయింది. అప్పటి అతిపెద్ద సంస్థ డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్ 1983లో ఒక్కసారిగా 11 మాల్ట్ డిస్టిలరీలను ఆపేసింది: పోర్ట్ ఎలెన్, బ్రోరా, సెయింట్ మాగ్డలీన్, డల్లాస్ ధూ, బాన్ఫ్, గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్, గ్లెన్‌లోకీ, నార్త్ పోర్ట్, బెన్‌రోమాక్, నాక్‌డూ. 1985లో మరికొన్నింటి వంతు వచ్చింది. కాన్వల్‌మోర్, కోల్‌బర్న్, గ్లెన్యూరీ రాయల్, మిల్‌బర్న్ అప్పుడు పోయినవే.

ఏది ఉంచాలి, ఏది మూయాలి అన్న లెక్క పూర్తిగా బ్లెండ్ అవసరాల మీద, ఖర్చు మీద సాగింది. పోర్ట్ ఎలెన్‌నే చూడండి. ఐలా ద్వీపంలో ఆ సంస్థకు పొగవాసన మాల్ట్ ఇచ్చే డిస్టిలరీలు మూడున్నాయి: లాగవూలిన్, కాల్ ఈలా, పోర్ట్ ఎలెన్. కాల్ ఈలాను 1974 నాటికి ఆరు స్టిల్‌లతో కొత్తగా కట్టారు. (స్టిల్ అంటే విస్కీ కాచే రాగి బాన.) పోర్ట్ ఎలెన్‌లో ఉన్నవి నాలుగే. గిరాకీ పడిపోయినప్పుడు మూడింటిలో ఒకదాన్ని ఆపాలంటే చిన్నదాన్ని, పాతదాన్ని ఆపారు. దాని పక్కనే 1973లో కట్టిన మాల్టింగ్స్ మాత్రం ఆగలేదు. బార్లీని మొలకెత్తించి, పీట్ (చిత్తడి నేలలోంచి తవ్వి ఎండబెట్టిన మట్టి ఇంధనం) పొగపెట్టి ద్వీపంలోని ఇతర డిస్టిలరీలకు పంపుతూనే వచ్చింది. అంటే ఊళ్లో పొగ ఆగలేదు, స్టిల్‌లు మాత్రం ఆగాయి.

రోజ్‌బ్యాంక్ కథ నన్ను మరీ బాధపెడుతుంది. ఫాల్కిర్క్ దగ్గర కాలువ ఒడ్డున 1840లో మొదలైన డిస్టిలరీ అది. మూడుసార్లు కాచే పద్ధతి, పాతకాలపు వార్మ్ టబ్‌లు, అంటే నీటితొట్టెలో చుట్టలుగా అమర్చిన రాగి గొట్టాలలో ఆవిరిని చల్లార్చే ఏర్పాటు. ఈ రెండూ కలిసి తేలికగా ఉంటూనే నోటినిండా నిలిచే విస్కీని ఇచ్చేవి. 1988లో డిస్టిలర్స్ కంపెనీ స్థానంలో వచ్చిన యునైటెడ్ డిస్టిలర్స్ సంస్థ క్లాసిక్ మాల్ట్స్ పేరుతో ఒక్కో ప్రాంతానికి ఒక్కో విస్కీని ఎంచినప్పుడు లోలాండ్ ప్రాంతం తరఫున గ్లెన్‌కించీ డిస్టిలరీకి చోటిచ్చింది. అది ఎడిన్‌బరోకు దగ్గర, పర్యాటకులకు వీలు. రోజ్‌బ్యాంక్‌లో వ్యర్థజలాల శుద్ధికి పెద్ద మొత్తం ఖర్చు చేయాల్సి రావడంతో 1993లో మూసేశారు. రుచిని బట్టి నిర్ణయించి ఉంటే ఇలా జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. 2008 చివర క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో దొంగలు లోపలి రాగి స్టిల్‌లను కూడా ఎత్తుకుపోయారు.

మూతపడ్డాక ఒక్కోదాని గతి ఒక్కోలా అయింది. ఇన్వర్నెస్ పట్టణంలోని గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్‌లను 1986లో కూల్చేశారు, ఆ స్థలంలో దుకాణాలు వచ్చాయి. సెయింట్ మాగ్డలీన్ నివాస గృహాలుగా మారింది, రైల్లో లిన్‌లిత్‌గో దాటుతుంటే దాని పగోడా కప్పు ఇప్పటికీ కనిపిస్తుంది. డల్లాస్ ధూను చారిత్రక కట్టడంగా కాపాడి ప్రదర్శనశాల చేశారు. బెన్‌రోమాక్, నాక్‌డూలకు వేరే యజమానులు దొరికి అవి మళ్లీ నడుస్తున్నాయి. 1981లో ఆగి, తర్వాత మళ్లీ నడిచిన ఆర్డ్‌బెగ్ డిస్టిలరీ ఈ రోజు ఎంత ప్రసిద్ధమో మీకు తెలిసే ఉంటుంది. కాబట్టి "మూతపడింది" అనే మాటే కొంత జారుడు మాట. తాళం వేయడం వేరు, స్టిల్‌లు అమ్మేయడం వేరు, గోడలు కూల్చడం వేరు. అమ్మేవారు ఈ మూడింటినీ ఒకే మాటతో చెబుతారు.

మరి ఈ విస్కీలకు అంత పేరు ఎలా వచ్చింది? నా అభిప్రాయంలో అందులో సగం కాలం చేసిన పని. బ్లెండ్‌ల కోసం కాచిన సరుకు కాబట్టి అందులో చాలా భాగాన్ని అంతకుముందు రెండు మూడుసార్లు వాడిన పీపాల్లో నింపారు. అలాంటి పీపాలో చెక్క ప్రభావం నెమ్మది. అమ్ముడుపోక గోదాములో 20, 25, 30 ఏళ్లు ఉండిపోయిన విస్కీ, చెక్క రుచికి లొంగకుండా తనదైన గుణాన్ని నిలుపుకుంటూ మాగింది. ఎవరూ ముందుగా అనుకుని చేసింది కాదు. 1990ల్లో సింగిల్ మాల్ట్ అభిమానులు పెరిగేసరికి ఆ పీపాలు సరిగ్గా అక్కరకు వచ్చాయి.

దీనికి నేను తరచుగా చెప్పే ఉదాహరణ లిటిల్‌మిల్. గ్లాస్గోకు పశ్చిమాన ఉండేది, 1990ల్లో ఆగింది, 2004లో మంటల్లో మిగతా భవనాలూ పోయాయి. నడిచిన రోజుల్లో దాని 8 ఏళ్ల సీసాకు పెద్దగా గౌరవం లేదు, చవక విస్కీల వరుసలో ఉండేది. నేను కూడా రుచి చూశాను, గడ్డివాసన, అట్టముక్క వాసన తప్ప గుర్తుండేది లేదు. అదే డిస్టిలరీలో 1980ల చివర, 90ల మొదట్లో కాచి రెండు దశాబ్దాలకు పైగా మాగిన పీపాలు స్వతంత్ర బాట్లర్ల (పీపాలు కొని తమ పేరుతో సీసాకెత్తే వ్యాపారుల) చేతుల్లోంచి వచ్చినప్పుడు జామ, పనస, నిమ్మతొక్క వాసనలతో ఆశ్చర్యపరిచాయి. డిస్టిలరీ అదే, స్టిల్‌లు అవే, తేడా అంతా పీపాలో గడిచిన కాలం.

దీనికి వ్యతిరేక సందర్భాలూ ఎన్నో చూశాను. పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, మద్యం శాతం కూడా మెల్లగా దిగుతుంది. 40 శాతం కంటే తగ్గితే చట్టప్రకారం దాన్ని స్కాచ్ అనకూడదు. అందుకని ఆ గీత దగ్గరికొచ్చిన పీపాను హడావిడిగా సీసాల్లోకి ఎత్తేస్తారు. మూతపడిన డిస్టిలరీ పేరు, 35 ఏళ్ల వయసు, 41 శాతం బలం, ఇవి మూడూ ఒకే లేబుల్ మీద కనిపిస్తే కాస్త ఆగి ఆలోచించండి. కొన్ని అద్భుతంగానే ఉంటాయి. చాలావాటిలో మాత్రం మరిగి చేదెక్కిన టీ డికాక్షన్‌లా చెక్క రుచే మిగులుతుంది. మామూలు డిస్టిలరీ సరుకైతే ఆ పీపాను బ్లెండ్‌లో కలిపేసేవారు. మూతపడిన పేరు కాబట్టి సీసా కట్టారు.

బ్రోరా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పేరు చూసి కొనడం ఎంత పొరపాటో అది బాగా చూపిస్తుంది. 1819లో క్లైన్‌లిష్ పేరుతో మొదలైన డిస్టిలరీ అది. 1967లో పక్కనే పెద్ద కొత్త డిస్టిలరీ కట్టారు. క్లైన్‌లిష్ అన్న పేరు దానికి వెళ్లింది, పాతది ఆగింది. ఐలా నుంచి పొగవాసన మాల్ట్ చాలినంత రాకపోవడంతో 1969లో పాతదాన్ని మళ్లీ వెలిగించి, పీట్ పొగ దట్టంగా పట్టిన బార్లీతో కాచారు. తర్వాత దానికి బ్రోరా అని పేరు పెట్టారు. 1973 తర్వాత పొగ మోతాదు తగ్గింది. 1983 వరకు ఎక్కువగా మైనపు నునుపుతో, తేలిక పొగతో ఉండే విస్కీ వచ్చింది. కాబట్టి 1972 బ్రోరా, 1981 బ్రోరా దాదాపు రెండు వేర్వేరు విస్కీలు. వేలంలో మొదటిదాని కోసం ఎగబడతారు. నాకు రెండోదే ఇష్టం. అది నా నాలుక సంగతి, మీది వేరు కావచ్చు. కాచిన సంవత్సరం చెప్పకుండా "బ్రోరా ఉంది" అనేవారి దగ్గర మాత్రం కొనకండి.

ఇక మీ బావగారు చూసిన పోర్ట్ ఎలెన్. ఇవి ప్రధానంగా మూడు దారుల్లో వచ్చాయి. డిస్టిలరీ యజమాని సంస్థ డియాజియో స్వయంగా 2001 నుంచి 2017 దాకా ఏటా ఒకటి చొప్పున 17 విడుదలలు తెచ్చింది. మొదటిది 1979లో కాచిన 22 ఏళ్ల సరుకు, 56.2 శాతం, 6,000 సీసాలు. రెండోది 1978 సరుకు, 12,000 సీసాలు. మొదట్లో ఇవి మామూలు మనిషి కొనగలిగిన ధరలోనే ఉండేవి, క్రమంగా అందనంత ఎత్తుకు వెళ్లాయి. రెండో దారి రేర్ మాల్ట్స్ అనే వరుస, 1995 నుంచి 2005 దాకా. నీళ్లు కలపకుండా పీపా బలంతోనే, కొన్ని 60 శాతానికి అటూ ఇటూ, సీసాకెత్తినవి. మూడోది స్వతంత్ర బాట్లర్లు: గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్, కాడెన్‌హెడ్, సిగ్నేటరీ, డగ్లస్ లెయింగ్ వంటివారు. బ్లెండ్ వ్యాపారంలో పీపాలు చేతులు మారుతూ ఉండేవి కాబట్టి వీరి దగ్గర నిల్వలు చేరాయి. వీరే లేకపోతే గ్లెన్‌లోకీ, గ్లెన్యూజీ వంటి పేర్ల రుచి ఈ తరానికి తెలిసేదే కాదు. స్వతంత్ర సీసాల ధర అధికారిక విడుదలలకంటే సాధారణంగా తక్కువ, రుచి తక్కువ కానక్కర్లేదు. తాగాలన్న కోరికైతే మీ బావగారిని అటు చూడమనండి. 6,000, 12,000 అన్న అంకెలు కూడా గుర్తుపెట్టుకోండి. ఒంటరి పీపా నుంచి 200 సీసాలొచ్చిన నార్త్ పోర్ట్ కంటే ఇవి ఎన్నో రెట్లు ఎక్కువగా దొరుకుతాయి, అయినా ధర పోర్ట్ ఎలెన్‌కే ఎక్కువ. ధరను నడిపేది అరుదుతనం కంటే పేరే.

మళ్లీ తెరవడం సంగతి. బ్రోరా 2021 మేలో, పోర్ట్ ఎలెన్ 2024 మార్చిలో తెరుచుకున్నాయి. రోజ్‌బ్యాంక్‌ను ఇయాన్ మెక్లియోడ్ సంస్థ తీసుకుని 2023లో మళ్లీ కాచడం మొదలుపెట్టింది. బ్రోరాలో పాత స్టిల్‌లనే బాగుచేసి వాడుతున్నారు. పోర్ట్ ఎలెన్‌లో పాతవాటి నమూనాలో కొత్తవి చేయించారు. వీటి కొత్త సరుకు 20 ఏళ్లు దాటేసరికి మనం చాలా పెద్దవాళ్లమైపోతాం. కాబట్టి మూతకు ముందు కాచిన సరుకు సీసాల సంఖ్య ఈ తెరవడం వల్ల పెరగదు. అయితే ధర పెరుగుతూనే ఉంటుందన్న మాట అబద్ధం. 2022లో శిఖరానికి చేరిన వేలం ధరలు ఆ తర్వాత స్పష్టంగా దిగాయి, పోర్ట్ ఎలెన్ కూడా అందులో ఉంది. "తగ్గడం ఉండదు" అన్నవారిని గత మూడేళ్ల వేలం ఫలితాలు చూపించమనండి. ఎవరికైనా ఉచితంగా కనిపించేవే అవి.

1980ల కంటే ముందు మూతపడ్డ డిస్టిలరీల పేర్లతో ఎవరైనా వస్తే రెట్టింపు జాగ్రత్త. 1898 డిసెంబరులో పాటిసన్ సోదరుల విస్కీ బ్లెండ్ కంపెనీ కూలి పరిశ్రమనంతా కుదిపింది. 1880ల్లో 21 డిస్టిలరీలు నడిచిన కాంప్‌బెల్‌టౌన్ పట్టణంలో 1934 నాటికి రెండే మిగిలాయి. ఆ పోయినవాటిలో హేజెల్‌బర్న్ ఒకటి. జపాన్ విస్కీకి ఆద్యుడైన మసతక తకెత్సురు 1920లో అక్కడ పని నేర్చుకున్నారు. అది 1925లో ఆగింది. ఆ కాలంలో సింగిల్ మాల్ట్ సీసాకట్టి దాచినవారు బహు తక్కువ కాబట్టి నిజమైనవి దాదాపు లేవు. దుకాణంలో ఇప్పుడు కనిపించే హేజెల్‌బర్న్, అదే ఊళ్లోని స్ప్రింగ్‌బ్యాంక్ డిస్టిలరీలో మూడుసార్లు కాచే విస్కీ. మంచి విస్కీయే, ధరా న్యాయమే. పాత డిస్టిలరీ సరుకని చెప్పి అమ్మితే మాత్రం మోసం.

నకిలీల విషయం నా పనిలో ప్రతివారం ఎదురవుతుంది. 2018లో స్కాట్లాండ్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో 55 అరుదైన సీసాలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే 21 నకిలీవని, లేదా చెప్పిన సంవత్సరంలో కాచినవి కావని తేలింది. 1950ల అణుపరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్-14 బార్లీలోకి, అక్కణ్ణుంచి విస్కీలోకి చేరుతుంది కాబట్టి కాలం పట్టుబడుతుంది. మనలాంటివారు ప్రతి సీసాకూ ఈ పరీక్ష చేయించలేం, కళ్లతోనే చూసుకోవాలి.

నేను ఏం చూస్తానో చెబుతాను. ఒకసారి పోర్ట్ ఎలెన్ మొదటి విడుదల అని ఒక సీసా బల్లమీదికి వచ్చింది. లేబుల్ అసలైనదే, అంకె కూడా సరైన వరుసలోనే ఉంది. తెల్లని దీపం ముందు పెట్టి చూస్తే విస్కీ రంగు అదే విడుదలకు చెందిన ఇతర సీసాలకంటే ముదురు. మెడమీది రేకును భూతద్దంతో చూస్తే అంచు కింద ఇంకో సన్నని కోత గీత, దాని పక్కన ఎండిన జిగురు మెరుపు. ఎవరో ఖాళీ సీసాను వేరే పొగవాసన విస్కీతో నింపి కొత్త రేకు చుట్టారు. తెచ్చినాయన నిజాయితీగా డబ్బు పోసి కొన్నవాడు, ఆయన ముఖం చూడలేకపోయాను. అందుకే ఖాళీ సీసాలు అమ్మకండి, పారేసే ముందు లేబుల్ చింపేయండి.

మీ బావగారితో ఇవి చేయించండి. విస్కీ మట్టం ఎక్కడుందో చూడమనండి: మెడలో ఉంటే బాగున్నట్టు, భుజం దాకా దిగితే బిరడా లీకైనట్టు. లేబుల్ మీది సీసా సంఖ్య, పెట్టె మీది సంఖ్య ఒకటేనా? మొదట ఎక్కడ కొన్నారన్న రశీదు ఉందా? అమ్మే మనిషి మెడ దగ్గర స్పష్టమైన ఫొటో ఇవ్వడానికి జంకితే అక్కడితో మానుకోండి.

ఇక హైదరాబాద్ సంగతి. ప్రయాణికుడు సుంకం లేకుండా వెంట తెచ్చుకోగలిగింది 2 లీటర్లు, దానికి తోడు సామాను విలువకూ పరిమితి ఉంటుంది. ఇలాంటి ఖరీదైన సీసా ఒక్కటే ఆ పరిమితి దాటేస్తుంది, కాబట్టి రశీదు చేతిలో పెట్టుకుని కస్టమ్స్‌లో చెప్పి సుంకం కట్టడం మేలు. అన్నిటికంటే ముఖ్యం, మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. రేపు ధర రెట్టింపైనా మీరు దాన్ని ఇక్కడ చట్టబద్ధంగా అమ్ముకోలేరు. పెట్టుబడి అన్న మాట అక్కడే ముగుస్తుంది. లాభం కోసమే అయితే సీసా ఎడిన్‌బరోలోనే ఉండాలి, అదీ వేలం సంస్థ కమిషన్ పోగా మిగిలేది లెక్క వేసుకున్నాకే.

తాగడానికే తెప్పించుకుంటే సీసాను నిలబెట్టి ఉంచండి, వైన్‌లా పడుకోబెట్టకూడదు. బలమైన విస్కీ బిరడాను తినేస్తుంది. మన ఎండల్లో కిటికీ దగ్గర, వంటింటి అలమరలో వద్దు. పాత బిరడాలు తెరిచేటప్పుడు విరగడం మామూలే, తెరిచే ముందు సీసాను ఒకసారి వంచి బిరడాను తడపండి, పక్కన ఒక శుభ్రమైన కొత్త బిరడా, టీ వడపోసే జల్లెడ పెట్టుకోండి. గ్లాసులో పోశాక పావుగంట ఆగి, ముందు నీళ్లు లేకుండా, తర్వాత నాలుగు చుక్కలు కలిపి చూడండి.

సీసా ముందు, వెనక, మెడ ఫొటోలు, కాచిన సంవత్సరం, శాతం, సంఖ్య ఇక్కడ పెడితే అది ఏ విడుదలో, అడిగిన ధర ఇప్పటి వేలం ధరలకు ఎంత దగ్గరగా ఉందో చూసి చెబుతాను. అప్పటిదాకా మీ బావగారిని బయానా ఇవ్వవద్దని చెప్పండి.